వదినకు వేసిన త్రైరాశికం

మా వదినను మొదటిసారి తూచింది మా ఇంటి పత్తి కొట్టంలో. దూలానికి ఇనుప గొలుసులతో వేలాడే పెద్ద తరాజు అది. ఒక తట్టలో వదిన కూర్చుంది. రెండో తట్టలో నేను సేర్ల రాళ్లు పేర్చుతున్నాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోవడంతో తట్ట ఊగుతూనే ఉంది, ముల్లు నిలబడడం లేదు.

"కదలకు వదినా, ముల్లు ఆగాలె."

"పత్తి బోరె అయితె నవ్వదు తమ్మీ. నేను నవ్వుత. ఇంక ఎన్ని రాళ్లు పెడ్తవ్? కొట్టం కూలితే మీ అన్న నిన్నే అంటడు."

తొంభై నాలుగు సేర్లు వచ్చింది. చీరకు, గాజులకు, కాళ్ల కడియాలకు కలిపి రెండు సేర్లు తీసేసి, తొంభై రెండని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను.

రెండో పెద్ద యుద్ధం మొదలు కావడానికి రెండేళ్ల ముందరి మాట ఇది. మా ఇల్లు ఎల్లారెడ్డిలో. నేను పట్నంలో మూడేళ్లు యంత్రాల పని చదువుకుని వచ్చి, కామారెడ్డిలో ఒక జిన్నింగు మిల్లులో నూనె ఇంజను చూసుకునేవాణ్ణి. శనివారం పని ముగియగానే మోటారు బస్సెక్కి ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున్నే తిరిగి వెళ్లేవాణ్ణి. ఇంట్లో బాపు, అన్న, వదిన, వాళ్ల ముగ్గురు పిల్లలు. వీళ్లు కాక ఆరుగురు జీతగాళ్లు మా ఇంట్లోనే తినేవారు. అందరికీ వండి పెట్టేది వదిన. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ మరుసటి ఏడు అన్న పెళ్లయింది. అప్పటికి వదినకు పదహారేళ్లు. నన్ను పెంచిన చేయి ఆమెదే.

ఆ ఎండాకాలంలో ఆమె ఎడమ కాలి బొటనవేలి కింద తుమ్మ ముల్లు దిగింది. ఆమెకు తెలియనే లేదు. రెండు రోజుల తర్వాత గడపలో నెత్తురు చూసి అన్న ముల్లు లాగేశాడు. రెండు నెలలైనా పుండు మానలేదు. నొప్పి లేదు కాబట్టి అదే మానుతుందని ఆమె అనుకుంది. దూప ఎక్కువైంది. పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకుంటే చాలడం లేదు. పెరట్లో మూత్రానికి కూర్చునే జాలారు దగ్గర చీమలు పట్టడం కూడా ఆమే చూసింది గానీ ఎవరికీ చెప్పలేదు.

నేను ఆమెను కామారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు ఒక గాజు గొట్టంలో నీలం రంగు నీళ్లు పోసి, అందులో ఆమె మూత్రం కొన్ని చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం రంగు చూస్తుండగానే ఇటుక రంగైంది. చక్కెర జబ్బు అన్నాడు. దీనికి రోజూ సూది వేసే మందు పట్నంలో దొరుకుతుందన్నాడు. పుండు లోపలికి పోతే ముందు వేలు తీయాలి, అది చాలకపోతే పాదం తీయాలి అని కూడా దాచకుండా చెప్పాడు.

వచ్చేటప్పుడు బస్సులో వదిన కట్టు కట్టిన కాలును సీటు కిందికి జరుపుకుంది. తర్వాత అంది:

"నేను పట్నం రాను తమ్మీ. పాదం లేకుంట నేనేం చెయ్యాలె? ఇన్నేండ్లు అందరికి ఒడ్డిచ్చిన. ఇగ కూసున్న తావుకు ఒకరు తెచ్చిస్తె తినాల్నా? నా కాళ్ల మీద నేను నిలబడాలె. గంతే."

ఆమె పట్టుబట్టిందంటే ఇంట్లో తిరుగు లేదు. అన్న ఎల్లారెడ్డి బజారు వెనక ఉండే వైద్యులవారిని పిలిపించాడు. మా తాతల నాటి నుంచి మా ఇంటికి వాళ్లే వైద్యులు. నేను ఒక్క షరతు పెట్టాను. మందు ఎవరిదైనా సరే, ప్రతి ఆదివారం వదినను నేను తూచి రాసిపెడతాను. కొలత లేని పని పని కాదని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

వైద్యులవారికి అప్పటికే అరవై దాటాయి. సన్నటి మనిషి. వచ్చి నాడి చూస్తాడనుకున్నాను. ఆయన వంటింటి గడప పక్కన ఒక పీట వేయించుకుని కూర్చున్నాడు. పొద్దున జీతగాళ్లకు జొన్న గటక పోసేటప్పటి నుంచి మధ్యాహ్నం బాపు భోజనం ముగిసేదాకా కదల్లేదు. నాతో ఇంజను సంగతులు అడుగుతూనే ఉన్నాడు గానీ కళ్లు మాత్రం వదిన చేతుల మీదే. మధ్యాహ్నం ఆమెను పిలిచాడు.

"బిడ్డా, పొద్దటి నుంచి ఏం తిన్నవ్?"

"ఏం తినలే అయ్యగారు. ఇంక అందరు తిననే లేదు గద."

"నేను చెప్పనా? గటక కుండ గీకి అడుగుది తిన్నవ్. పిల్లలు ఇడిసిపెట్టిన బెల్లపు రొట్టె రెండు ముక్కలు. నెయ్యి కాచినంక గిన్నె అడుగుకు అన్నం కలిపి ఒక ముద్ద. పప్పుల ఉప్పు చూసినవ్, గంటెడు. మల్ల చూసినవ్, ఇంకో గంటెడు. పాల మీది మీగడ పిల్లి ముడుతదని నోట్లె ఏస్కున్నవ్."

వదిన ముఖం ఎర్రబడింది. "గది గూడ తిండేనా అయ్యగారు? పారేస్తె పాపం గద."

"పాపం నాకు రానీ. రేపటి నుంచి మిగిలిందంత కుడితి గోలెంల పొయ్యి. బర్రె బలిసినా నాకు ఫికరు లేదు."

"అంటె నన్ను బర్రెతోని పోలుస్తున్నరా?"

"లేదు బిడ్డా. బర్రెకు సోయి ఉంటది. కడుపు నిండితే మొకం తిప్పుకుంటది."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఆమెను తగ్గించడానికి ఆయన ఇచ్చిన మొదటి మందు అదే. మూలిక లేదు, చూర్ణం లేదు. పెద్ద సేద్యం ఉన్న ఇంట్లో మిగిలినదంతా ఇంటి ఇల్లాలి కడుపులోకే పోతుందని ఆయన అప్పటికి ఎన్ని వంటిండ్లలో చూశాడో నాకు తెలియదు.

తర్వాత చెప్పినవి నేను వరసగా రాసుకున్నాను. నిలబడి ఏదీ తినకూడదు. కూర్చుని, ఒక విస్తరిలో, ఒకసారి వడ్డించుకున్నదే తినాలి. పూర్వం తినే ధాన్యంలో సగం. అదీ కొత్త బియ్యం వద్దు, పాతరలో ఏడాది దాటిన జొన్నలు, దొరికితే యవలు. ఉలవచారు, కాకరకాయ, వెన్న తీసిన మజ్జిగ మంచివి. బెల్లం, పెరుగు, మినుములు, మీగడ వద్దు. పగటి నిద్ర వద్దు. స్నానానికి ముందు ఉలవపిండితో ఒంటిని కిందినుంచి పైకి పొడిగా రుద్దాలి. పుండు ఉంది కాబట్టి నడక వద్దు. దానికి బదులు విసుర్రాయి ముందు కూర్చుని రోజూ కుంచెడు జొన్నలు విసరాలి. ఒంటికి పని, పాదానికి విశ్రాంతి. పసుపు, ఉసిరిక కలిపిన చూర్ణం రెండు పూటలు. పుండును వేపచెక్క, కరక్కాయ వేసి కాచిన గోరువెచ్చని నీళ్లతో కడగాలి. ఆ నీళ్ల వేడి ఇంకొకరు చేయి పెట్టి చూడాలి, ఆమె కాలికి వేడి తెలియదు కాబట్టి.

చివర ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇంజన్ పటేలా, నువ్వు తూస్తనంటున్నవు గద, తూయి. గని ఇంక నాలుగు సూడాలె. దూప ఎంత? ఒంటికి ఎన్నిసార్లు లేస్తది? నిండు బిందె నడుం మీదికి ఎత్తుతదా? మొదటి తీరుగ నవ్వుతదా?"

"అట్లనే అయ్యగారు."

"ఇంకో మాట. ఈ జబ్బుల రెండు తీర్ల మనుషులుంటరు. లావు ఉండి బలమున్నోళ్లు ఒక తీరు, వాళ్లను తగ్గియ్యాలె. బలం లేనోళ్లు ఇంకో తీరు, వాళ్లను నింపాలె. నీ వదినె మొదటి తీరు. రెండో తీరుకు జారకముందే మనం ఆగాలె."

అది కూడా రాసుకున్నాను, మంచి దస్తూరీతో. కానీ బరువుకు పుస్తకం మొదట్లో గళ్లు గీసి, ఆ నాలుగింటినీ చివరి పేజీలో వేశాను. సేర్లకు అంకె ఉంది. నవ్వుకు గడి ఎట్లా గీయాలో నాకు చదువు చెప్పినవాళ్లెవరూ నేర్పలేదు.

రెండు నెలలు పని సాఫీగా సాగింది. వారానికి దాదాపు సేరు చొప్పున తొంభై రెండు సేర్లు ఎనభై అయిదుకు వచ్చాయి. దూప తగ్గింది. రూపాయి బిళ్లంత పుండు చింతగింజంత అయింది. తరాజు తట్టలో కూర్చునే ముందు వదిన కడియాలు తీసి పక్కన పెట్టేది, "ఇయ్యి నావి గావు, మీ అన్నయి. ఆయన లెక్కల రాసుకో" అని. నేను గళ్ల కాగితం మీద తేదీలు అడ్డంగా, సేర్లు నిలువుగా వేసి, చుక్కలు కలిపి గీత గీసి అల్మారా తలుపుకు లోపల అంటించాను. వైద్యులవారు ఒకసారి దాన్ని చూశాడు.

"కాలువ తీరుగ మంచిగ గీసినవ్. ఏడిదాక పారుతది ఇది?"

"డెబ్బై సేర్లు, అయ్యగారు."

"డెబ్బై అని ఎవరు చెప్పిండ్రు?"

"పుస్తకంల ఉన్నది. ఎత్తును బట్టి లెక్క."

ఆయన సంచి విప్పాడు. తమలపాకు నోట్లో వేసుకున్నాడు.

శ్రావణంలో ఆయన బీర్కూరుకు వెళ్లాడు. అక్కడ తన అన్నగారికి జబ్బు చేసింది. నెలన్నర దాకా రాలేదు. సరిగ్గా అప్పుడే నా గీత నిలిచిపోయింది. మూడు ఆదివారాలు వరసగా ఎనభై అయిదు. మిల్లులో ఇంజను వేగం తగ్గితే నేను ఎక్కడ ఏది బిగుసుకుందో వెతుకుతాను. ఇక్కడా అదే చేశాను. కాగితం తీసుకుని త్రైరాశికం వేశాను. ధాన్యం సగం తగ్గిస్తే వారానికి సేరు తగ్గింది. సగంలో సగం కూడా తీసేస్తే ఎంత తగ్గాలి? సేరున్నర. డెబ్బైకి పది వారాలు. లెక్కలో తప్పు లేదు, ఇప్పుడు వేసినా అదే జవాబు వస్తుంది.

వదినకు చదువు రాదు. అందుకని ఒక బొమ్మ గీశాను. ఒక గుండ్రటి రొట్టె, దాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్క ముక్కకు మాత్రం పసుపు రంగు వేశాను.

"ఇంక గింతేనా?" అంది వదిన.

"పది వారాలు వదినా. అప్పటికి పుండు మాని, నువ్వు ఉరుకుతవ్."

"నువ్వు సదువుకున్నోనివి. నువ్వెట్లంటె గట్ల."

తర్వాతి ఆదివారం ఎనభై మూడు. ఆ పై ఆదివారం ఎనభై ఒకటి. ఆ తర్వాత డెబ్బై ఎనిమిది, డెబ్బై ఆరు. నా త్రైరాశికం కంటే వేగంగా పడుతోంది. ఎందుకని అడగాల్సిన చోట నేను సంతోషించాను. మిల్లులో పెద్ద ఫిట్టరుకు ఆ గీత చూపించి, మనిషి శరీరం కూడా యంత్రమేనని అరగంట చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

వైద్యులవారు తిరిగి వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను గళ్ల కాగితం చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన దాని వైపు చూడలేదు. వదినను చూసి, వాకిట్లో ఉన్న నిండు బిందెను చూపించాడు.

"ఎత్తు బిడ్డా."

ఆమె వంగి బిందెను మోకాలి దాకా లేపి, కింద పెట్టేసింది. "ఎవరో ఎక్కువ నీళ్లు పోసినట్టున్నరు" అంది.

"బర్రె ఎట్లున్నది? నీ తిండంత తిని బలిసిందా?"

ఆమె పెదవులు మాత్రం కొంచెం కదిలాయి.

"దూప?"

"చెంబు సాలుతలేదు అయ్యగారు."

"ఒంటికి ఎన్నిసార్లు?"

"ఎనిమిది. పది."

ఆయన కింద కూర్చుని ఆమె పాదం మీది గుడ్డ విప్పాడు. చింతగింజంత పుండు మళ్లీ రూపాయి బిళ్లంత అయి ఉంది. అంచులు బూడిద రంగు తిరిగాయి. ఎరుపు పాదం మీదికి పాకి చీలమండ వైపు పోతోంది. వాసన నాకూ తగిలింది. అంతకు ముందు మూడు ఆదివారాలు నేను ఆమెను తూచాను గానీ ఆ గుడ్డ విప్పి చూడలేదు. కట్టు ఆమే కట్టుకునేది. పుండు నా గళ్లలో లేదు.

"ఏం కోసినవ్ పటేలా?" అన్నాడు ఆయన, నా వైపు తిరగకుండానే.

"ధాన్యం సగంల సగం చేసిన."

"ఎవరిని అడిగి?"

"త్రైరాశికం వేసిన అయ్యగారు. బరువు ఆగిపోయింది. ఇప్పుడు మల్ల తగ్గింది గద."

"తగ్గింది. నీ ఇంజనుకు నూనె పొయ్యకుంటె దాని చప్పుడు గూడ తగ్గుతది. మంచిగైందని సంబురపడ్తవా?"

నా పుస్తకం అడిగి తీసుకున్నాడు. చివరి పేజీ తెరిచి నాలుగు మాటలూ గట్టిగా చదివాడు. దూప. లేవడం. బిందె. నవ్వు. వాటి పక్కన ఒక్క అక్షరం లేదు. పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. అంతకంటే తిట్టలేదు.

తర్వాత వదినను అడిగాడు, "ఈయన చెప్పినదానికే ఇంత దిగవు. ఇంకేం చేస్తున్నవ్ బిడ్డా?"

ఆమె కొంగు సర్దుకుని చెప్పింది. అప్పుడు తెలిసింది. శ్రావణం మొదలు, కాలు మానాలని మొక్కుకుని, సోమవారం, శనివారం ఒక్కపొద్దులు ఉంటోంది. భాద్రపదంలో గురువారం కూడా కలుపుకుంది.

"నాకెందుకు చెప్పలేదు వదినా?" అన్నాను.

"నువ్వు తిండి లెక్క అడిగినవ్. గది దేవుని లెక్క గద తమ్మీ. రెండు ఒక్కతాన ఎట్ల కలుపుత?"

మా ఇండ్లలో మగవాళ్లు తిని లేచాక ఆడవాళ్లు తింటారు. ప్రతి శనివారం సాయంత్రం ఆమె నాకు వేడి వేడి రొట్టెలు చేసి పెట్టేది. ఆ పూట ఆమె ముందు విస్తరే లేదని నేను ఏనాడూ ఎరగను. ఆమె తిండి కొలతలు నిర్ణయించిన నేను, ఆమె తినగా ఒక్కసారి కూడా చూడలేదు. వైద్యులవారు మొదటి రోజే గడప పక్కన పీట వేయించుకుని ఎందుకు కూర్చున్నాడో అప్పుడు అర్థమైంది.

"దేవునికి నేను జవాబు చెప్త. నువ్వు తిను" అన్నాడు ఆయన.

కాటుక డబ్బీ తెప్పించాడు. పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో దాని అంచు వెంబడి వేలితో నల్లటి గీత గీశాడు. అన్నను, బాపును కూడా పిలిచాడు.

"అందరు ఇనుండ్రి. ఈ ఎరుపు ఈ గీత దాటినా, ఈమెకు చలితోని జ్వరమచ్చినా నన్ను పిలువకుండ్రి. బండి కట్టి కామారెడ్డి పోయి రైలెక్కుండ్రి. పట్నంల వేలు తీస్తరు. తీయనియ్యుండ్రి. దానికి నా తాన మందు లేదు. ఉన్నదన్నోని మాట నమ్మకుండ్రి."

వదిన వైపు చూశాడు. "పోతవా బిడ్డా?"

వదిన బండి వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. "దాటితె పోత" అంది.

నేను మిల్లుకు కబురు పంపి ఎనిమిది రోజులు సెలవు పెట్టాను. అన్న బండిలో గడ్డి పరిచి, ఎద్దులను పొలానికి పంపకుండా ఇంటి ముందే కట్టేశాడు. బాపు వాటికి తానే మేత వేశాడు.

కామారెడ్డి డాక్టరును అడిగి ఆ నీలం నీళ్లు ఒక సీసాడు తెమ్మని వైద్యులవారే నన్ను పంపాడు. నేను మంగళవారం పొద్దున పోయి సాయంత్రానికి తెచ్చాను. ఇటుక రంగే వచ్చింది. ఆయన గాజు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"మేము చీమలను చూసెటోళ్లం. చీమలు ఉన్నది లేనిది చెప్తయి గని, ఎంతుందో చెప్పవు. ఇది మంచిగున్నది. రోజు చెయ్యి."

తిండి మళ్లీ నింపాడు, తీపి మాత్రం రానీయలేదు. పాత జొన్న గటక కడుపునిండా, పెసరకట్టు, పొట్లకాయ, చెంచాడు నెయ్యి, మజ్జిగ. కౌజుపిట్ట రసం కూడా చెప్పాడు. వదినకు ఆ జబ్బులోనూ ఆశ్చర్యం ఆగలేదు.

"అయ్యగారు, మీ నోటితోని నీసు కూర చెప్తున్నరా?"

"తినేది నువ్వు బిడ్డా, నేను గాదు. మా శాస్త్రంల రాసిపెట్టినోళ్లకు తెలుసు, ఎవరికేం గావాల్నో."

మంగళవారం ఎరుపు ఒక పక్క కాటుక గీతను ముట్టింది. దాటలేదు. అన్న ఎద్దుల మెడ మీద కాడి పెట్టి, మళ్లీ దించాడు. బుధవారం అక్కడే ఉంది. గురువారం పొద్దున నేను చూసినప్పుడు ఎరుపుకూ గీతకూ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు ఉంది. నా కళ్లు నమ్మక అన్నను పిలిచాను. అన్న ఒక బియ్యపు గింజ తెచ్చి నిజంగానే అక్కడ పెట్టి చూశాడు. శనివారానికి చిటికెనవేలి మందం మామూలు చర్మం తేలింది. గాజు గొట్టంలో ఇటుక రంగు పసుపైంది, ఇంకో వారానికి పచ్చనైంది. బండిలో పరిచిన గడ్డిని ఎద్దులకే వేశారు.

ఆ తర్వాత కొలతలు మానేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పుస్తకం కొత్తది తీసి ఏడు గళ్లు గీశాను. సేర్లు, దూప, ఎన్నిసార్లు లేచింది, బిందె, పుండు వెడల్పు, గాజు గొట్టం రంగు, నవ్వు. నవ్వు గడిలో ఉన్నది, లేదు అని రెండే మాటలు రాసేవాణ్ణి. బరువు పెరిగిన వారాల్లో పెరిగిందనే రాశాను. డెబ్బై ఆరు నుంచి ఎనభై ఒకటికి వచ్చి అక్కడ నిలిచింది. వైద్యులవారు చాలు అన్నాడు.

"డెబ్బై అన్న లెక్క ఏమాయె అయ్యగారు?"

"డెబ్బై నీ పుస్తకందాని బరువు. ఎనభై ఒకటి మీ వదినెది. బిందె ఎత్తుతున్నది, పుండు పూడుతున్నది. ఇంక దిగమంటె ఎవరి కోసం దిగాలె?"

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని కూడా ఆయన చెప్పాడు. ఒరిగిన గోడకు దన్ను పెట్టినట్టు, దన్ను ఉన్నన్ని రోజులు ఇల్లు నిలుస్తుందన్నాడు. ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. దన్ను ఎక్కడ పెట్టాలో, ఎంత బరువు ఆపుతుందో నేను చదువుకున్నాను.

చలికాలం వెళ్లేసరికి పుండు మీద గులాబీ రంగు చర్మం వచ్చి మూసుకుంది. ఆయన పాదాన్ని ఎండలో పెట్టించి, పుల్లతో అరికాలు నాలుగు చోట్ల ముట్టుకుని, "ఈడ తెలుస్తదా, ఈడ?" అని అడిగాడు. రెండు చోట్ల ఆమెకు తెలియలేదు.

"పుండు మానింది. కాలుకు సోయి రాలేదు, రాదు. రేపు ఇంకో ముల్లు దిగినా ఈమెకు ఎరుక కాదు. చెప్పులు లేకుంట గడప దిగొద్దు. పొలానికే గాదు, వాకిట్లకు గూడ."

ఇదే అన్నిటికంటే పెద్ద చిక్కు. మా ఇండ్లలో కోడళ్లు చెప్పులు వేసుకోరు. మామ అరుగు మీద కూర్చుని ఉండగా అసలే వేసుకోరు. బాపు పొద్దస్తమానం అరుగు మీదే ఉంటాడు. కొంగు తల మీదినుంచి జారినా దగ్గేవాడు.

ముందు చెప్పులు చేయించాను. తెల్ల కాగితం మీద వదిన పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, పుండు ఉన్నచోట చుక్క పెట్టి, బజారు చివర చెప్పులు కుట్టే తాతకు ఇచ్చాను. ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి నవ్వాడు.

"పటేలా, గీ కాగితంల కాలు సదునుగ ఉన్నది. మనిషి కాలు గిట్లుండదు. తడి బూడిదల ఒక్కపారి నిలబడుమను పటేలమ్మను. నేనొచ్చి సూస్త."

వచ్చి బూడిదలోని అడుగు చూశాడు. మడమ బయటి వైపు లోతుగా, బొటనవేలి వైపు తేలికగా పడి ఉంది. ఇన్ని నెలలు పుండును కాచుకుని ఆమె నడక ఒక పక్కకు ఒరిగిందని ఆయనే చెప్పాడు. నా గీతలో అది లేదు. మెత్తటి దూడ తోలు రెండు పొరలు వేసి, బొటనవేలి కింద గుంట వదిలి కుట్టి తెచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున వదిన చెప్పులు చేతిలో పట్టుకుని గడప దగ్గర ఆగిపోయింది.

"బాపు ఉన్నడు తమ్మీ. ఎనక నుంచి పోత."

"వెనక అంతా తుమ్మకంప వదినా."

"అయితె ఇంట్లనే ఉంట. ఆయన ముంగట నేను ఏస్కోను."

"పట్నం పోత అన్నవు గని చెప్పులు ఏస్కోవా?"

"గది వేరు, గిది వేరు" అంది. ఇన్ని నెలలు కాపాడుకున్న కాలును ఆమె వాకిట్లోకి దింపలేకపోతోంది.

నేను చెప్పులు తీసుకుని ఆమె పాదాల ముందు పెట్టాను. ఆమె గడపను పట్టుకుని ఒకటి తొడుక్కుంది. రెండోది తొడుక్కుంది. వాకిట్లోకి మూడు అడుగులు వేసింది. కొత్త తోలు కిర్రుమంది. బాపు తల తిప్పాడు.

నేను ముందే కారణాలు వరసగా అనుకుని ఉన్నాను. "బాపూ, దీనికి అయిదు సంగతులున్నయి. ఒకటి..."

బాపు చేయి ఎత్తి నన్ను ఆపాడు. ఆమె పాదాల వైపు చాలాసేపు చూశాడు. వదిన కొంగు ముఖం మీదికి లాక్కుని కదలకుండా నిలబడింది.

"కొత్త తోలు కరుస్తది. ఆముదం పెట్టిండ్రా?" అన్నాడు బాపు.

ఇన్నేళ్లలో వదిన ఆయనతో నేరుగా మాట్లాడగా నేను వినలేదు.

"పెట్టలే మామా" అంది ఆమె.

"గట్లెట్ల నడుస్తవ్? కరిస్తె నీకు తెలుస్తదా? కూసో."

అన్న ఆముదం గిన్నె తెచ్చాడు. వదిన అరుగు మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి, ఒడిలో పెట్టుకుని వేలితో నూనె రాయడం మొదలుపెట్టింది. బాపు పైనుంచి వంగి చూస్తూ, "మడిమె తాన ఇంక జర పెట్టు. ఆ కుట్టు మీద. గది గరుకున్నది" అంటున్నాడు.